సున్నా రాసినవాడి కూలి

జైసల్మేరు ఎడారిలో బట్టమేక (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) పిట్టల్ని లెక్కపెట్టేవాళ్లు నింపే పట్టికలో ఎక్కువ గడుల్లో ఉండే అంకె సున్నా. వన్యప్రాణుల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో నేను చాలా ఏళ్లు ఎకౌంట్స్ చూశాను. గ్రాంటు వస్తేనే జీతాలు నడిచే చోటు అది. నా బల్ల మీద ఒకవైపు బిల్లుల కట్ట ఉండేది: జీపు అద్దె, డీజిల్ రసీదులు, డ్రైవరు బత్తా, నీళ్ల ట్యాంకరు, వాచర్ల కూలి. రెండోవైపు ఆ ఖర్చుతో ఎడారి నుంచి వచ్చిన కాగితాలు: తేదీ, గడి నంబరు, బయల్దేరిన వేళ, గాలి, ఎండ, కనిపించిన పిట్టలు సున్నా. ఇంకో తేదీ, అదే గడి, మళ్లీ సున్నా. ఏమీ కనబడలేదని తెలుసుకోవడానికి ఇంత డబ్బు పెట్టాలా అన్న ప్రశ్న ఈ రెండు కట్టలూ చూసిన ఎవరికైనా పుడుతుంది.

డబ్బిచ్చే ఒక సంస్థ తాలూకు సమీక్ష కమిటీ ఆ ప్రశ్నను రాతపూర్వకంగానే అడిగింది. ఒకే చోటికి అన్నిసార్లు వెళ్లడం దేనికి, ఒక్కసారి చాలదా అని పక్కన రాసి, ఆ పద్దును మూడో వంతుకు కోసింది. కోసినవాళ్లు చెడ్డవాళ్లు కారు. సొమ్ము వృథా కాకూడదన్న బాధ్యతతోనే కోశారు. కానీ వాళ్లు అడిగింది లెక్కల ప్రశ్న కాదు. ఒకటి లేదని ఎలా తెలుసుకుంటాం, అలా తెలుసుకున్నది జ్ఞానమేనా అన్నది మన మీమాంసకులు వందల ఏళ్లు వాదించుకున్న విషయం. దాని వెనకే ఇంకో ప్రశ్న ఉంది: ఫలం కంటికి కనబడని పనికి డబ్బిచ్చేవాడు ఏ ధర్మాన్ని పట్టుకుని ఇవ్వాలి? ఈ రెంటి గురించి నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

మా నాన్నగారు నంద్యాలలో సంస్కృతం చెప్పేవారు. తర్కం, మీమాంస ఆయనకు ప్రాణం. అన్నాల దగ్గర కూర్చున్నా మాకు ప్రమాణాలు, అంటే దేన్నైనా తెలుసుకునే దారులు, చెప్పేవారు. నేల మీద కుండ లేదు అన్నది ఆ శాస్త్రాల్లో అందరూ వాడే ఉదాహరణ. కుండ ఉంటే కంటికి ఆనుతుంది. కుండ లేకపోవడం కంటికి ఎలా ఆనుతుంది? కన్ను ఉన్నదాన్నే కదా పట్టుకునేది. లేమిని కూడా కన్నే చూస్తుందని నైయాయికులు అన్నారు. ఖాళీ నేల తప్ప లేమి అంటూ వేరే ఏదీ లేదని మీమాంసకుల్లో ఒక పక్షమైన ప్రాభాకరులు కొట్టేశారు. కుమారిల భట్టు దారి పట్టినవాళ్లు మాత్రం, లేమి నిజమైనదే, దాన్ని తెలుసుకోవడానికి ప్రత్యక్షం, అనుమానం వగైరా ఐదూ చాలవు, ఆరో ప్రమాణం కావాలి అన్నారు. దాని పేరు అనుపలబ్ధి. కనబడకపోవడమే అక్కడ సాక్ష్యం.

అయితే దానికి వాళ్లు ఒక షరతు పెట్టారు. నాన్నగారు ఎప్పుడూ ఆ షరతు దగ్గర గొంతు పెంచేవారు. చీకటి గదిలోకి తొంగిచూసి కుండ కనబడలేదు కాబట్టి కుండ లేదంటే చెల్లదు. వెలుతురు ఉండాలి, కన్ను బాగుండాలి, చూసేవాడు చూడాల్సిన చోట నిలబడాలి. ఉండి ఉంటే కనబడి తీరేదే అన్న పరిస్థితిలో కనబడకపోతేనే లేదనే అధికారం వస్తుంది. దీన్ని యోగ్యానుపలబ్ధి అంటారు. ఈ యోగ్యత సంపాదించడానికి ఎడారిలో అయ్యే ఖర్చే ఆ కమిటీ కోసిన పద్దు.

పిట్టను చూస్తే ఆ ఖర్చు ఎందుకో తెలుస్తుంది. మగ బట్టమేక పదిహేను కిలోల దాకా తూగుతుంది, నిలబడితే మీటరు ఎత్తు. ఇంత పెద్ద పిట్ట బయలు ప్రదేశంలో కనబడకపోవడమేమిటి అనుకుంటాం. థార్ ఎడారిలో సేవణ్ అనే గడ్డి ఉంది, మోకాలి పైదాకా దుబ్బులుగా పెరుగుతుంది. ఆ దుబ్బు పక్కన పిట్ట కూలబడిందంటే దాని వీపు మీది గోధుమ, నలుపు చారలు ఇసుకలో, ఎండుగడ్డిలో కలిసిపోతాయి. మధ్యాహ్నం ఎండకు అది నీడ వెతుక్కుని కదలకుండా ఉంటుంది. పొద్దున, సాయంత్రం మేతకు లేచినప్పుడే చూడాలి. గుడ్డు పెట్టేది ఏడాదికి సాధారణంగా ఒక్కటే, అదీ గూడు లేకుండా కటిక నేల మీద. పొదిగే ఆడపిట్ట దగ్గరకు వెళ్లడమే అపచారం. ఇలాంటిదాన్ని లెక్కపెట్టడానికి భారత వన్యప్రాణి సంస్థ, రాజస్థాన్ అటవీశాఖ కలిసి థార్‌ను 144 చదరపు కిలోమీటర్ల గడులుగా విడదీసి, మట్టిదారుల్లో జీపులో మెల్లగా పోతూ చూశాయి. ఆ పద్ధతిలో 2017-18లో తేలిన లెక్క 128, అటూ ఇటూ 19. ఆ అటూ ఇటూ అన్న మాటలోనే నిజాయితీ ఉంది. అది ఉన్నా కనబడనివాటి లెక్క.

ఆ లెక్క ఎలా వస్తుందో చెబుతాను, ఎందుకంటే డబ్బంతా అక్కడే పోతుంది. ఒక గడికి మొదటిసారి వెళితే పిట్ట లేదు, రెండోసారి ఉంది, మూడోసారి లేదు. అంటే అక్కడ పిట్ట ఉంది, మన కంటికి మూడింట ఒకసారి చిక్కింది. ఇలాంటి గడులు పోగైతే, ఉన్న పిట్ట మన కంటి నుంచి ఎన్నిసార్లు తప్పించుకుంటుందో తెలుస్తుంది. అది తెలిశాకే మూడుసార్లూ సున్నా వచ్చిన గడిని చూసి ఇక్కడ నిజంగానే లేదు అని ఎంత నమ్మకంగా అనవచ్చో చెప్పగలం. ఒక్కసారి వెళ్లి రాసుకొచ్చిన సున్నాకు ఏ అర్థమూ లేదు. అది చీకటి గదిలోకి తొంగిచూడటమే. రెండోసారి, మూడోసారి వెళ్లడానికి పెట్టే డబ్బు మొదటి సున్నాకు ప్రాణం పోస్తుంది. నేను కమిటీకి రాసిన జవాబులో మీమాంస తీసుకురాలేదు, అంకెలే రాశాను. పద్దులో కొంత తిరిగొచ్చింది.

తప్పుడు సున్నా వల్ల నష్టం ఎవరికి? ఎడారిలో కరెంటు తీగలు చూస్తే అర్థమవుతుంది. ఈ పిట్టకు ఎదురుగా ఉన్నది సరిగా ఆనదు, బరువు వల్ల చప్పున పక్కకు తిరగలేదు, తీగకు కొట్టుకుని చస్తుంది. థార్‌లో దాదాపు 4,200 చదరపు కిలోమీటర్ల మేర తీగల వల్ల ఏటా చనిపోయే పక్షులు, అన్ని జాతులూ కలిపి, సుమారు 84 వేలని భారత వన్యప్రాణి సంస్థ అంచనా కట్టింది. ఆ అంచనా కూడా తీగల కింద నడిచి, కళేబరాలు ఏరి, నక్కలూ కుక్కలూ ఈడ్చుకుపోయినవాటికి లెక్క కట్టి చేసిందే. వన్యప్రాణి సంరక్షకుడు ఎం.కె. రంజిత్‌సింహ్ వేసిన కేసులో 2021 ఏప్రిల్ 19న సుప్రీంకోర్టు పిట్ట తిరిగే ప్రాంతాల్లో తీగల్ని భూమిలో వేయమంది. సుమారు 99 వేల చదరపు కిలోమీటర్లకు వర్తించే ఉత్తర్వు అది. 2024 మార్చి 21న అదే కోర్టు, సౌరవిద్యుత్తు అవసరాన్ని కూడా తూచి, ఆ మొత్తం ఆంక్షను సడలించి, ఎక్కడ తప్పనిసరో తేల్చమని నిపుణుల కమిటీని వేసింది. ఎక్కడ తప్పనిసరి అన్నది పిట్ట ఎక్కడుంది, ఎక్కడ లేదు అన్నదాన్ని బట్టే కదా తేలేది. అంటే గడిలో సున్నా వేసిన చేయి, తనకు తెలియకుండానే, అక్కడ హైటెన్షన్ తీగ లాగవచ్చని సంతకం పెడుతున్నట్టే. అందుకే సరిగా చూడకుండా లేదనడం జ్ఞానలోపం మాత్రమే కాదు, అధర్మం అంటాను.

తెగకుండా చూసి రాయకపోతే ఏమవుతుందో మన దగ్గర జరిగిపోయింది. నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు మా అమ్మమ్మగారి ఊరికి దూరం కాదు. బట్టమేక కోసం 1988లో అక్కడ 614 హెక్టార్లను అభయారణ్యం చేశారు. 1980లలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు ఏళ్ల తరబడి ఆ గడ్డిలో ఉండి పిట్టను గమనించారు. దేశంలో ఈ పిట్ట గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం రోళ్లపాడు నుంచి, మరి రెండు మూడు చోట్ల నుంచి వచ్చిందే. తర్వాత చుట్టూ పంటలు మారాయి, కృష్ణజింకలు పెరిగి చేలల్లో పడుతుంటే రైతులకు అభయారణ్యం మీదే కోపం వచ్చింది. ఇప్పుడక్కడ బట్టమేక కనబడటం బహు అరుదు. ఎప్పటి నుంచి పలచబడింది అని అడిగితే మా చుట్టాల్లోనే తలా ఒక ఏడు చెబుతారు. ఒకరికి జొన్న మానేసిన ఏడు గుర్తు, ఇంకొకరికి కాలువ వచ్చిన ఏడు. ఏడాదికేడాది తెగకుండా రాసిన పట్టిక ఉంటే ఏ మార్పు పిట్టను తరిమిందో ఇవాళ వేలు పెట్టి చూపగలిగేవాళ్లం. లేనిదానికి మనం ఏడవగలం గానీ, ఎందుకు లేకుండా పోయిందో చెప్పలేకపోతున్నాం. నన్ను ఎక్కువ బాధించేది ఆ రెండోదే.

దీనికి సరిగ్గా ఎదురు కథ కాలిఫోర్నియాలో ఉంది. చెరకు వ్యాపారం డబ్బుకు వారసురాలైన యానీ అలెగ్జాండర్ అనే ఆవిడ 1908లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర మ్యూజియం పెట్టించింది. జోసెఫ్ గ్రిన్నెల్ అనే శాస్త్రజ్ఞుణ్ణి ఏరి దానికి అధిపతిని చేసి, మ్యూజియం నడవడానికి ఏటా డబ్బిచ్చింది, తానూ ఎడారుల్లో తిరిగి నమూనాలు సేకరించింది. గ్రిన్నెల్ తన మనుషుల్ని మొహావే ఎడారికి, ఇవాళ డెత్ వ్యాలీ, జాషువా ట్రీ జాతీయ వనాలుగా ఉన్న ప్రాంతాలకు పంపి, ఏ రోజు ఎక్కడ నడిచారో, ఏ పక్షి ఎన్ని కనబడ్డాయో చెరగని సిరాతో రాయించాడు. ఈ రాతల విలువ తెలియడానికి బహుశా ఒక శతాబ్దం పడుతుందన్న భావం ఆయన 1910లోనే వెలిబుచ్చాడు. ఆయన 1939లో పోయాడు, ఆవిడ 1950లో. శతాబ్దం గడిచాక బర్కిలీ నుంచే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ నోట్‌బుక్కులు పట్టుకుని అవే చోట్లకు వెళ్లారు. 2018లో ఫలితం వచ్చింది. 61 చోట్ల చూస్తే, సగటున ఒక్కో చోటు తన పక్షి జాతుల్లో 43 శాతం పోగొట్టుకుంది. బాగా విస్తరించినది ఒక్క మాలకాకి. వర్షం తగ్గి, వేడికి ఒళ్లు చల్లబరచుకోవడానికి నీళ్లు చాలక పక్షులు పోతున్నాయని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. అవి చాలావరకు కాపాడుకుంటున్న వనాలే. పాత నోట్‌బుక్కు లేకపోతే ఎడారి ఎప్పుడూ ఇంతే కదా అనుకునేవాళ్లు.

యానీ అలెగ్జాండర్ ఇచ్చిన దానాన్ని ఏమనాలి? భగవద్గీత పదిహేడో అధ్యాయం దానాన్ని మూడు రకాలుగా విడదీస్తుంది. ఇవ్వాలి కాబట్టి, తగిన చోట, తగిన వేళ, తగినవారికి, తిరిగి మేలు చేయలేనివారికి ఇచ్చేది సాత్త్వికం. బదులు కోరి, ఫలం మీద కన్నేసి, మనసులో కష్టపెట్టుకుంటూ ఇచ్చేది రాజసం. తిరిగి మేలు చేయలేనివాడు అన్న మాట దగ్గర నేను చాలాసార్లు ఆగాను. మనిషికి ఇస్తే వాడు నమస్కారమైనా పెడతాడు. ఆసుపత్రికి ఇస్తే మన పేరు గోడ మీద ఉంటుంది. ఎడారిలోని పిట్టకు మనం ఉన్నామనే తెలియదు. దాని సున్నాకు ఇచ్చిన డబ్బు నుంచి పత్రికలో వేయించుకోవడానికి ఫోటో కూడా రాదు. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ లాభాల్లో రెండు శాతం సామాజిక పనులకు పెట్టమంటుంది, ఆ జాబితాలో వన్యప్రాణి రక్షణా ఉంది. ఆ డబ్బు కోసం ఎన్నో ప్రతిపాదనలు తయారుచేయడంలో నేను చేయి వేశాను. నీటితొట్టి కట్టిస్తామంటే ఇచ్చారు, బోర్డు పెట్టుకోవచ్చు. కంచె వేస్తామంటే ఇచ్చారు. పదేళ్లు చూస్తూ కూర్చుంటాం, ఏం కనబడితే అది రాస్తాం అంటే ఎక్కువమంది మర్యాదగా వద్దన్నారు.

వద్దనడానికి కారణం మన ఆలోచనలోని ఒక పాత పొరపాటు. మీమాంసకులు కర్మల్ని నిత్యం, నైమిత్తికం, కామ్యం అని విడదీశారు. కొడుకు కావాలనో వాన కావాలనో చేసే యజ్ఞం కామ్యం. ఫలం మీద ఆశ లేనివాడు దాన్ని చేయనక్కర్లేదు. సంధ్యావందనం లాంటిది నిత్యం. చేసినందుకు ప్రత్యేకంగా వచ్చేదేమీ ఉండదు, మానేస్తే మాత్రం దోషం. ప్రయోజనం లేకుండా ఎవరూ ఏ పనికీ పూనుకోరని కుమారిలుడి పక్షం. అందుకే నిత్యకర్మకు కూడా పాపం అంటకుండా ఉండటమనే ఫలాన్ని చూపించారు. విధి ఉంది కాబట్టి చేయాలి, వేరే ఫలం అడగొద్దని ప్రాభాకరులు. అనుపలబ్ధి దగ్గర నేను కుమారిలుడి వైపు నిలబడ్డాను. ఇక్కడ మాత్రం ప్రాభాకరుల వైపే నా మొగ్గు. ఎడారిని గమనించడం నిత్యకర్మ. మన గ్రాంట్లు దాన్ని కామ్యకర్మగా చూస్తాయి. రెండేళ్లో మూడేళ్లో గడువు పెట్టి, చివర సాధించిన ఫలితాలు అనే గడి నింపమంటాయి. థార్‌లో వాన ఒక ఏడు కురిస్తే రెండేళ్లు మొహం చాటేస్తుంది. మూడేళ్ల గ్రాంటు పూర్తిగా కరువులోనే పడిపోవచ్చు. అప్పుడు రాసిన సున్నా కరువుదా, తీగదా, కుక్కలదా అన్నది ఆ మూడేళ్ల కాగితం చూసి ఏ మహాపండితుడూ చెప్పలేడు.

నిత్యానికి డబ్బు ఎలా కట్టాలో మన పూర్వులకు తెలుసు. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో వందల శాసనాలున్నాయి. వాటిలో చాలా భాగం అఖండదీపానికి ఇచ్చిన దానాలే. దాత ఒక్కసారి ఇన్ని ఆవులనో, ఇన్ని గొర్రెలనో ఇస్తాడు. వాటిని ఒక కాపరికి, శాసనాల్లో తరచుగా బోయ అని కనబడే మనిషికి, అప్పగిస్తారు. మంద అతని దగ్గర ఉంటుంది, పిల్లలు పెడుతుంది, అతను బతుకుతాడు. దానికి బదులు రోజూ ఇంత నెయ్యి దీపానికి పోయాలి. సూర్యచంద్రులున్నంత కాలం అని రాసుకున్నారు. దీపం వల్ల ఫలితమేమిటని మూడేళ్లకోసారి ఎవరూ అడగలేదు. దీపం ఆరకుండా ఉందా అన్నదొక్కటే తనిఖీ. ఇంకో సంగతి గమనించాలి. దాత దేవుడికి దీపం ఇచ్చాడు గానీ, దీపం వెలిగించేవాడి కడుపు మరిచిపోలేదు. మంద ఎవరి చేతికి పోతుందో రాయిలో పేరుతో సహా చెక్కించాడు.

ఇవాళ ఎడారిలో దీపం వెలిగించేవాడి పరిస్థితి ఏమిటో నేను దగ్గరగా చూశాను. వైశాఖ పూర్ణిమ రాత్రి, బుద్ధుడు పుట్టిన రోజున, రాజస్థాన్ అటవీశాఖ నీటిచెలమల దగ్గర ఇరవై నాలుగు గంటలు మనుషుల్ని కూర్చోబెట్టి వచ్చిన జంతువునల్లా లెక్కిస్తుంది. ఎండలకు మిగతా చోట్ల నీళ్లు ఎండిపోయి ఉంటాయి, వెన్నెల్లో ఆకారం తెలుస్తుంది, అందుకే ఆ రాత్రి. ఒక ఏడు ఫీల్డు ఖర్చుల తనిఖీకని వెళ్లి నేనూ ఒక సిమెంటు తొట్టి దగ్గర వాచరు పక్కన కూర్చున్నాను. గడ్డి కప్పిన చిన్న మరుగు, ఒక నీళ్ల డబ్బా, బీడీ వాసన జంతువులకు తగలకూడదని జేబులోనే పెట్టుకున్న కట్ట. చింకారాలు వచ్చాయి, ముందు దూరంగా ఆగి, చెవులు తిప్పి, ఒకటి తాగుతుంటే ఒకటి కాపలా కాసింది. ఎడారి నక్క ఒకటి తొట్టి అంచున ముందుకాళ్లు ఆనించి తాగింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. వాచరు ప్రతి గంటకూ టార్చి అరచేత్తో మూసి, వేళ్ల సందున వచ్చే వెలుతురులో కాగితం మీద ఒక వరుస రాస్తున్నాడు. ఏమీ రానప్పుడు ఏం రాస్తున్నావని అడిగాను.

"రాలేదని రాస్తున్నాను మేడమ్. రాయకపోతే అది రాలేదో, నేను నిద్రపోయానో ఎవరికి తెలుస్తుంది?"

నాన్నగారు గొంతు పెంచి చెప్పే షరతును, ఆ శాస్త్రం పేరైనా వినని మనిషి తన భాషలో చెప్పాడు. అతనికి అప్పటికి కొన్ని నెలల కూలి బాకీ ఉంది. గ్రాంటు రెండో విడత రాలేదు, మొదటి విడత వినియోగ పత్రం ఏదో సంతకం కోసం ఆగింది. అడిగితే కోపంగా చెప్పలేదు, గొర్రెలు అమ్మి నెట్టుకొస్తున్నానన్నాడు. ద్రాక్షారామం దాత కాపరికి గొర్రెలు ఇచ్చి దీపం పెట్టించాడు. మనం కాపరి గొర్రెలు అమ్ముకునేలా చేసి లెక్క రాయించుకుంటున్నాం. దీన్ని ధర్మమని ఏ శాస్త్రమూ ఒప్పుకోదు.

ఇక ఆ డబ్బు పుట్టుక. బట్టమేక కోసం వచ్చిన పెద్ద మొత్తాల్లో ఒకటి కంపా నిధిది. 2016లో పిట్ట నివాసం బాగుచేయడానికి, పెంపక కేంద్రాల్లో గుడ్లు పొదిగించడానికి 7 ఏళ్లకు 33.85 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. ఆ దారిలోనే సమ్‌లో, రామ్‌దేవరాలో కేంద్రాలు నడుస్తున్నాయి, 2024లో కృత్రిమ గర్భధారణ ద్వారా మొదటి పిల్ల పుట్టింది. ఆ వార్త విన్న రోజు నేను నిజంగా సంతోషించాను. కానీ కంపా డబ్బు ఎక్కడిది? గనికో, ఆనకట్టకో, రోడ్డుకో అడవిని ఇచ్చేసినప్పుడు తీసుకున్నవాళ్లు కట్టే పరిహారం అది. గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశాల నుంచి పుట్టి, 2016లో చట్టంగా స్థిరపడింది. అడవి రకాన్ని, చిక్కదనాన్ని బట్టి హెక్టారుకు వెల కడతారు. 2008లో కోర్టు ఒప్పుకున్న రేట్లు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల దాకా. వసూలైన దానిలో తొంభై శాతం రాష్ట్రాలకు, పది శాతం కేంద్రం దగ్గర. సింగరేణి బొగ్గు కోసం పోయిన చెట్ల తాలూకు రూపాయి ఒకటి జైసల్మేరులో గుడ్డు పొదిగే యంత్రానికి కరెంటు బిల్లు కట్టి ఉండొచ్చు.

దీన్ని ప్రాయశ్చిత్తం అంటారు కొందరు. నేను అనను. మనుస్మృతి పదకొండో అధ్యాయం ప్రాయశ్చిత్తాల గురించే. చేసిన పని బయటపెట్టడం, పశ్చాత్తాపపడటం, మళ్లీ చేయనని తీర్మానించుకోవడం లేనిదే పాపం విడవదని అక్కడి భావం. వచ్చే ఏడు ఇంకో అడవి తీసుకోబోతూ ఈ ఏడు అడవికి కట్టే డబ్బు ఆ తీర్మానం లేని డబ్బు. అది ధర, అంతే. అలాగని పిట్టకు ఆ డబ్బు వద్దని ఎవరైనా అంటే ఒప్పుకోను. డబ్బుకు పాపం అంటినా పిట్టకు అంటదు. తీసుకోవాలి, తీసుకుని దాని పుట్టుకను దాచకూడదు. నివేదిక మొదటి పేజీలో దాతల ముద్రలు వేసే చోట, ఈ సొమ్ము అడవులు పోయినందుకు వచ్చింది అని ఒక్క వాక్యం అచ్చువేస్తే చాలు. చేసింది బయటపెట్టడమన్న ప్రాయశ్చిత్తంలోని మొదటి మెట్టు అప్పటికైనా ఎక్కినట్టవుతుంది.

ఒక అభ్యంతరాన్ని పక్కన పెట్టి పోలేను. ఎడారి జాతీయ వనం 3,162 చదరపు కిలోమీటర్లు, లోపల డెబ్బైకి పైగా ఊళ్లున్నాయి. ఆ ఊళ్లవాళ్లలో చాలామంది వన నిబంధనల వల్ల రోడ్డు, కరెంటు ఆలస్యమయ్యాయని చెబుతారు. మనిషికి నీళ్లు అందనిచోట పిట్టను లెక్కించడం ఏం ధర్మమని అడుగుతారు. ప్రశ్న న్యాయమైనది. కానీ మనిషి, పిట్ట అన్న ఈ విభజన ఆ నేలలో పుట్టింది కాదు. దేవత పేరు మీద వదిలేసి, చెట్టు కొట్టకుండా, పశువుల్ని మాత్రం మేపుకునే ఓరణ్ భూముల్ని ఆ ఊళ్లే తరతరాలుగా కాపాడాయి. జైసల్మేరులో దేగ్‌రాయ్ ఓరణ్ మీదుగా తీగలు లాగుతుంటే అడ్డుకున్నది గొర్రెలూ ఒంటెలూ మేపుకునేవాళ్లే. 2024 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఓరణ్‌లను గుర్తించి అడవులుగా నమోదు చేయమని రాజస్థాన్‌కు చెప్పింది. 1730లో ఖేజడ్లీలో జమ్మిచెట్ల కోసం 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చిన నేల అది. పోఖరణ్ దగ్గర ధోలియా ఊరి రాధేశ్యామ్ బిష్ణోయీ ఎవరు కూలి ఇచ్చినా ఇవ్వకున్నా బట్టమేక జాడలు రాసుకున్నాడు, తీగల కింద పడ్డ పిట్టల్ని లోకానికి చూపించాడు, వేసవిలో జంతువులకు నీళ్లు పోశాడు. 2025 మేలో, వేటగాళ్ల కబురు విని రాత్రివేళ తోటివాళ్లతో బయల్దేరి రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఇలాంటి మనుషులున్న చోట గమనించే పనిని ఆ ఊళ్ల చేతికే ఇచ్చి, వాళ్లకు నెలనెలా కూలి ఇస్తే అభ్యంతరంలో సగం తీరిపోతుంది. మిగతా సగం, అంటే రోడ్డు, నీళ్లు, ప్రభుత్వం తీర్చాలి. పిట్ట పేరు చెప్పి దాన్ని వాయిదా వేయకూడదు.

గ్రాంట్ల కమిటీల్లో, కంపెనీల సామాజిక నిధుల బోర్డుల్లో ఇవాళ తెలుగువాళ్లు తక్కువేమీ లేరు. హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో కూడా ఉన్నారు. నా విన్నపం వాళ్లకే. మీ దగ్గరికి ఎడారిని గమనిస్తామంటూ ప్రతిపాదన వస్తే ఫలితాల గడి ఖాళీగా ఉందని పక్కన పెట్టకండి. మూడేళ్లకు ఇవ్వదలచిన డబ్బును బ్యాంకులో మూలధనంగా వేసి, వడ్డీతో పాతికేళ్లు నడిచేలా ఇవ్వండి, మొత్తం చిన్నదైనా సరే. ఒకే చోటికి మళ్లీ వెళ్లే ఖర్చును కోయకండి. వాచరు కూలిని పద్దుల్లో మొదటి వరుసలో పెట్టి, మిగతా సంతకాలతో ముడిపెట్టకుండా నెలాఖరుకు అతని ఖాతాలో పడేలా షరతు రాయండి. ఏడాది చివర తనిఖీకి వచ్చినప్పుడు ఎన్ని పిట్టలు పెరిగాయని అడిగే ముందు, ఈ ఏడు ఏ నెలా తప్పకుండా వెళ్లారా అని అడగండి.